ఉప్పునీటి అవుట్‌బోర్డ్ మోటారులో ఇంజన్ ఆయిల్ ఎలా ఉందో కనిపెట్టడం: డిప్‌స్టిక్ నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా

బోటు వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారులో ఆయిల్ ఎన్ని గంటలకు మార్చాలో మీ మోటారు మాన్యువల్‌లోనే ఉంటుంది. కానీ ఎక్కువమంది అడుగుతున్నది అది కాదు. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి చూశాం, దానిమీద కనబడేదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అని అడుగుతున్నారు. ఇదంతా దానికోసమే.

ఇక్కడ చెప్పేవన్నీ ఫోర్ స్ట్రోక్ మోటార్ల గురించి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో పాటే కాలిపోతుంది కాబట్టి అడుగున నిలవుండే ఆయిల్ అంటూ ఉండదు. టూ స్ట్రోక్ వాళ్లు తిన్నగా 9వ భాగానికి వెళ్లిపోండి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఆయిల్ లెవెల్ తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. ఉప్పునీటి మోటారులో పెరగడమే ఎక్కువ భయపడాల్సిన సంగతి. అది కనబడాలంటే ప్రతిసారీ ఒకే పద్ధతిలో చూసి, రాసి పెట్టుకోవాలి. ఒక్కసారి చూసిన లెవెల్ పెద్దగా ఏమీ చెప్పదు, పది సార్లు రాసుకున్నది చాలా చెబుతుంది.

## 1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పీచు రాలని తెల్లటి గుడ్డ (రంగు గుడ్డమీద ఆయిల్ రంగు తెలియదు)
- చేతి తొడుగులు. వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు
- చిన్న టార్చి
- మూత గట్టిగా పడే, శుభ్రమైన గాజు సీసాలు రెండు
- బలమైన చిన్న అయస్కాంతం
- తెల్లటి ఫిల్టర్ పేపర్ లేదా అద్దుడు కాగితం
- నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఫోటో తీసి వదిలేయడం చాలదు
- మీ మోటారు మాన్యువల్

మోటారుకు గంటల మీటరు లేకపోతే నడిపిన సమయాన్ని మీరే రాసుకోవాలి. గంటలు తెలియకుండా ఆయిల్‌ను అంచనా వేయడం కుదరదు.

## 2. లెక్క కొత్త ఆయిల్‌తో మొదలుపెట్టండి

పాత ఆయిల్ సగం వాడాక లెక్క మొదలుపెడితే దేనితో పోల్చాలో తెలియదు. కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చిన రోజునే మొదలుపెట్టండి.

1. డబ్బామీద ఎఫ్‌సీ-డబ్ల్యూ గుర్తు ఉన్న ఆయిలే పోయండి. నీళ్లమీద నడిచే ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ల కోసం అమెరికాలోని ఎన్ఎంఎంఏ (బోట్లు, వాటి ఇంజన్ల తయారీదారుల సంఘం) ఇచ్చే గుర్తింపు అది. తుప్పును ఆపడం, నురగ రాకపోవడం, ఫిల్టర్ మూసుకుపోకపోవడం లాంటివి పరీక్షించాకే ఇస్తారు. కారు ఆయిల్‌కు ఆ తుప్పు పరీక్ష ఉండదు. ఎంత చిక్కటి ఆయిల్, అంటే 10డబ్ల్యూ-30 పోయాలా, 25డబ్ల్యూ-40 పోయాలా అన్నది మాన్యువల్ చూసి తేల్చుకోండి.
2. డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేయండి. పాతదాన్నే మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకు చెమ్మలా కారుతుంది, మీరేమో ఇంజన్ ఆయిల్ తాగుతోందనుకుంటారు.
3. మాన్యువల్ చెప్పిన కొలతకంటే కొంచెం తక్కువ పోసి, లెవెల్ చూసుకుంటూ మిగతాది చేర్చండి.
4. ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి (నీటి సరఫరా ఉన్నప్పుడే, పొడిగా ఎప్పుడూ వద్దు), ఆపి, లెవెల్ మళ్లీ చూడండి. కొత్త ఫిల్టర్ కొంత ఆయిల్ పీల్చుకుంటుంది.
5. వాడని ఆయిల్ కొంచెం ఒక గాజు సీసాలో పోసి, తేదీ రాసి దాచండి. రంగు, వాసన పోల్చుకోవడానికి ఇదే మీ కొలబద్ద.

## 3. లెవెల్ చూసే వరస

తేడాలన్నీ పుట్టేది ఇక్కడే. ఇంజన్‌లో ఏ లోపమూ లేకపోయినా చూసే పద్ధతి మారితే లెవెల్ మారినట్టు కనబడుతుంది.

1. మోటారును నిటారుగా దింపండి. కంటి అంచనా వద్దు, బోటు ట్రెయిలర్ మీద ఉంటే ముందు భాగం ఎత్తుగా ఉండి మోటారు వాలిపోయి ఉంటుంది. మొదటిసారి ఒక స్పిరిట్ లెవెల్ (మేస్త్రీలు వాడే బుడగ గొట్టం) పెట్టి చూసి, ఆ స్థానాన్ని గుర్తు పెట్టుకోండి.
2. మోటారును పైకి లేపి ఉంచితే లోపలి ఆయిల్ వేరే చోట్లకు పాకి ఉంటుంది. దింపగానే చూడకండి. కనీసం 10 నిమిషాలు, గంటలకొద్దీ లేపి ఉంచితే ఇంకా ఎక్కువసేపు ఆగండి.
3. చల్లని ఇంజన్‌లో చూస్తారా, నడిపి ఆపాక చూస్తారా అన్నది మాన్యువల్ ప్రకారం తేల్చుకుని, ఇక ఎప్పుడూ అలాగే చూడండి. నాకైతే రాత్రంతా నిటారుగా ఉంచి, తెల్లవారి స్టార్ట్ చేయకముందు చూడటమే నమ్మకంగా ఉంటుంది.
4. మోటారు పై మూత (కౌల్) తీశాక డిప్‌స్టిక్ చుట్టూ ఉన్న ఉప్పు పొడిని తడిగుడ్డతో తుడవండి. ఆ పొడి లోపల పడకూడదు.
5. డిప్‌స్టిక్ తీసి తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీయండి. ఇలా రెండుసార్లు చేసి రెండూ ఒకేలా వస్తేనే రాసుకోండి.
6. తిరిగి పెట్టేముందు డిప్‌స్టిక్ ఓ-రింగ్ చూడండి. పగిలినా, గట్టిపడినా మార్చేయండి.

నీళ్లలో ఊగుతున్న బోటు మీద చూసిన లెవెల్‌ను నమ్మకండి. ఆయిల్ ఉందా లేదా తెలుసుకోవడానికి పనికొస్తుందే గానీ, పుస్తకంలో రాసుకోవడానికి పనికిరాదు.

రాసుకునేటప్పుడు "బాగుంది" అని రాస్తే ఉపయోగం లేదు. నేను కింది గీతను 0, పై గీతను 10 అనుకుని మధ్యలో అంకె వేస్తాను. ఒక్కో వరుసలో ఉండాల్సినవి:

- తేదీ, మొత్తం గంటలు, ఈ ఆయిల్ మీద గడిచిన గంటలు
- లెవెల్ అంకె
- రంగు, వాసన ఒక్క ముక్కలో
- క్రితంసారి చూశాక ఎలా నడిపారు: ఎక్కువగా నెమ్మదిగానా, వేగంగానా
- ఏమైనా పోశారా, ఎంత పోశారు

## 4. లెవెల్ పెరుగుతోందా? ఇక్కడ ఆగి చదవండి

ఉదాహరణకు ఆయిల్ మార్చిన రోజు 8, 15 గంటలకు 8, 30 గంటలకు 11 (పై గీత దాటి) వచ్చిందనుకోండి. మీరేమీ పోయలేదు. అంటే లోపలికి వేరే ఏదో వచ్చి చేరింది. అది పెట్రోలు కావాలి, లేదా నీళ్లు కావాలి. మూడోది లేదు.

పెట్రోలు ఎందుకు చేరుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. సముద్రపు నీరు ఎక్కువ వేడెక్కితే అందులోని లవణాలు ఇంజన్‌ను చల్లబరిచే నీటి దారుల గోడలకు పేరుకుంటాయి. అందుకే నీటితో నేరుగా చల్లబడే అవుట్‌బోర్డులను చల్లగానే నడిచేలా తయారుచేస్తారు. చాలావాటిలో థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే కవాటం) 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే తెరుచుకుంటుంది, కార్లలో అది 80 పైమాటే. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే పెట్రోలు మొత్తం ఆవిరి కాక, పిస్టన్ రింగులు దాటి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. గంటలకొద్దీ చేపల కోసం నెమ్మదిగా నడిపేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ.

కొంచెం పెట్రోలు కలవడం మామూలే, ఇంజన్ బాగా వేడెక్కితే అందులో చాలామటుకు ఆవిరైపోతుంది. వచ్చేది పోయేదానికంటే ఎక్కువైతేనే లెవెల్ పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది, బేరింగుల దగ్గర ఉండాల్సిన పొర నిలవదు.

కారణం వెతికే వరస, తేలికైనదాని నుంచి:

1. వాసన చూడండి. పెట్రోలు వాసన ఘాటుగా వస్తే దారి తెలిసింది. పాలరంగు ఉంటే 6వ భాగం చూడండి.
2. నడిపే తీరు. ఈ మధ్య అంతా నెమ్మదిగానే నడిపి ఉంటే, ఆయిల్ మార్చి, ఇకమీదట ప్రతి ప్రయాణంలో 20–30 నిమిషాలు ఇంజన్‌ను మామూలు ప్రయాణపు వేగంలో నడపండి. లెవెల్ నిలబడితే సమస్య అదే.
3. ఇంజన్ కొత్తదా? రింగులు ఇంకా కుదురుకోకపోతే మొదట్లో పెరగడం ఉంటుంది. మొదటి 10 గంటలు మాన్యువల్ చెప్పినట్టు వేగం మార్చి మార్చి నడపండి, భయపడి మరీ నెమ్మదిగా నడిపితే రింగులు కుదురుకోవు.
4. థర్మోస్టాట్. ఉప్పు పేరుకుని తెరిచిన స్థితిలోనే ఇరుక్కుపోవడం సముద్రపు మోటార్లలో చాలా మామూలు. విప్పి, తుడిచి, వేడినీళ్లలో థర్మామీటరుతో పాటు వేలాడదీసి ఎప్పుడు తెరుచుకుంటుందో చూడండి. మూసుకోకపోతే కొత్తది వేయండి, రబ్బరు సీలుతో సహా.
5. చిన్న మోటార్లలో ఇంజన్‌కు బిగించిన పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచటి పొర). అది చిరిగితే పెట్రోలు నేరుగా క్రాంక్‌కేసులోకి (ఆయిల్ ఉండే ఇంజన్ లోపలి గది) పోతుంది, లెవెల్ ఒక్క రోజులోనే బాగా పెరుగుతుంది.
6. ఇంజెక్టరు లీకు, అరిగిన రింగులు. ఇవి మెకానిక్ పని. కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు (సిలిండర్ ఒత్తిడిని పట్టి ఉంచుతోందా అని చూసేవి) చేయమనండి.

లెవెల్ పై గీత దాటాక, "కొంచెమే కదా" అని నడపకండి. పైన ఎక్కువైన ఆయిల్‌ను లాగేసి గీత దగ్గరకు తెస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. మిగిలింది కూడా పలచబడిన ఆయిలే కదా. మొత్తం మార్చండి.

ఇంకో సంగతి. ఆయిల్ ప్రెషర్ బజర్ ఉంది కదా అని ధీమా వద్దు. అది చూసేది ప్రెషరును మాత్రమే. పెట్రోలు కలిసిన ఆయిల్ కూడా చాలాకాలం బజర్ మోగించకుండానే తిరుగుతుంది.

## 5. లెవెల్ తగ్గుతోందా?

ముందు బయట చూడండి: డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ అంచు, కౌల్ అడుగు. నీళ్లమీద రంగుల పొర కనబడుతోందా? బయట ఏమీ లేకపోతే ఇంజన్ కాల్చుకుంటోంది. స్టార్ట్ చేసినప్పుడు నీలిపొగ, స్పార్క్ ప్లగ్గులమీద తడి నలుపు దీనికి గుర్తులు. ఎక్కువ గంటలు గరిష్ఠ వేగంలో నడిపితే కొంచెం తగ్గడం సహజమే, ఎంత పోశారో రాస్తూ పోతే అది పెరుగుతోందా లేదా తెలుస్తుంది.

తగ్గుతుండాల్సిన ఆయిల్ తగ్గడం ఆగిపోతే కూడా అనుమానించండి. ఓ రెండు సీజన్లు నేను ఇదే గమనించక, మంచి ఇంజన్ అని సంతోషపడ్డాను. తీరా చూస్తే థర్మోస్టాట్ ఇరుక్కుపోయి ఉంది. తగ్గినంత మేరా పెట్రోలు వచ్చి నింపుతోంది.

## 6. నీళ్లు కలిశాయా?

డిప్‌స్టిక్ పై భాగంలోనో, ఆయిల్ పోసే మూత లోపలో సన్నటి తెల్లటి పొర ఉంటే, కింద ఆయిల్ మామూలు రంగులో ఉంటే, అది చాలావరకు గాలిలో తేమ చల్లబడి చేరినదే. చిన్న చిన్న ప్రయాణాలు చేసేవాళ్లకు ఇది వస్తుంది. తుడిచేసి, తర్వాతి ప్రయాణంలో బాగా వేడెక్కేదాకా నడిపి, మళ్లీ చూడండి.

ఆయిల్ మొత్తం పాలు కలిపిన కాఫీలా ఉంటే సంగతి వేరు. ఇంజన్ స్టార్ట్ చేయకండి.

ఇంట్లో చేయగల నిర్ధారణ:

1. మోటారును రాత్రంతా నిటారుగా, కదలకుండా ఉంచండి.
2. తెల్లవారి డ్రెయిన్ బోల్టు కొంచెమే వదులు చేసి, మొదట వచ్చే రెండు మూడు చెంచాలు గాజు సీసాలో పట్టండి. నీరు బరువు కాబట్టి ముందు అదే వస్తుంది.
3. సీసాను కొన్ని గంటలు వదిలేయండి. అడుగున నీరు వేరుపడిందా చూడండి.
4. పడితే, ఆ నీటిని డ్రాపర్‌తో తీసి నల్లటి పలకమీద ఆరబెట్టండి. తెల్లటి ఉప్పు పొర మిగిలితే అది సముద్రపు నీరే. మిగలకపోతే తేమ కావచ్చు. కానీ ప్రతిసారీ మంచినీళ్లతో ఫ్లష్ చేసే మోటారులో లీకయ్యేది ఆ మంచినీరే అయ్యుండొచ్చు, కాబట్టి ఉప్పు లేదు కదా అని వదిలేయకండి.

నీరు సరిగ్గా వేరుపడకుండా ఆయిల్‌లో కలిసిపోయి ఉంటే చిటపట పరీక్ష ఉంది. సుమారు 150 డిగ్రీలకు వేడెక్కిన లోహపు పలకమీద ఒక్క చుక్క వేయండి. నీరుంటే బుడగలు వచ్చి చిటపటమంటుంది. కళ్లను కాపాడే రక్షణ అద్దాలు పెట్టుకుని, ఆరుబయట, విద్యుత్ పొయ్యి మీదే చేయండి. పెట్రోలు వాసన వచ్చే ఆయిల్‌తో ఈ పరీక్ష అసలు వద్దు, మంట అంటుకుంటుంది.

నీరు రుజువైతే కారణం దొరక్కుండా ఆయిల్ మార్చి నడపడం వల్ల లాభం లేదు. హెడ్ గాస్కెట్, ఉప్పు తినేసిన నీటి దారి, ఆయిల్ కూలర్ ఉన్న మోడళ్లలో ఆ కూలర్, వీటిని ప్రెషర్ పెట్టి పరీక్షించాలి. బాగుచేయించాక కూడా ఒక్కసారి ఆయిల్ మార్చితే చాలదు. మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చి, ఆయిల్ శుభ్రంగా వచ్చేదాకా చేయాలి. ఉప్పు లోపల మిగిలితే బేరింగులమీద తుప్పు మొదలవుతుంది, ఆ తర్వాత ఏ ఆయిల్ పోసినా ఆ గుంటలు పూడవు.

మోటారు మొత్తం సముద్రంలో మునిగితే వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, అదే రోజు మెకానిక్ దగ్గరికి చేర్చండి. నడుస్తుండగా మునిగినదాన్ని తాడు లాగి గానీ, బటన్ నొక్కి గానీ తిప్పకండి. సిలిండర్‌లో నీరుంటే రాడ్ వంగిపోతుంది.

## 7. రంగు, జిగట, కాగితం మీద చుక్క

నల్లబడటం ఒక్కటే చూసి ఆయిల్ చెడిపోయిందని అనుకోకండి. మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనే. అలాగే బంగారు రంగులో ఉన్నంత మాత్రాన బాగున్నట్టూ కాదు, పెట్రోలు కలిసిన ఆయిల్ చూడటానికి ఇంకా అందంగానే ఉండొచ్చు.

ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క వేసి, పక్కనే దాచిన కొత్త ఆయిల్ చుక్క వేసి, కొన్ని గంటలు పడుకోబెట్టి ఉంచండి.

- మధ్యలో ముదురు, బయటికి మెల్లగా లేతబడుతూ గుండ్రంగా ఉంటే: మామూలే
- నలుపంతా మధ్యలోనే గట్టి అంచుతో ఆగిపోతే: మసిని మోసే శక్తి తగ్గింది, మార్చండి
- బయట వెడల్పుగా లేత వలయం త్వరగా పాకితే: పెట్రోలు అనుమానం
- అంచు గుండ్రంగా లేక రంపంలా ఉంటే: నీరు అనుమానం

ఇది అనుమానం కలిగించే పరీక్షే గానీ తీర్పు చెప్పేది కాదు. కొత్త ఆయిల్ చుక్క పక్కన లేకుండా చదవకండి.

## 8. లోహం తునకలు, ల్యాబ్ పరీక్ష

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి చూడండి. హాక్‌సా బ్లేడుతో కోస్తే దాని పొడే లోపల పడి మోసం చేస్తుంది, ఫిల్టర్ కట్టర్ వాడాలి. కాగితం మడతలు విప్పి టార్చి వేయండి. అయస్కాంతానికి అంటేది ఇనుము, ఉక్కు. అంటకుండా వెండిలా మెరిసేది అల్యూమినియం కావచ్చు, రాగి రంగు తునకలు బేరింగులవి కావచ్చు. సన్నటి మెరుపు పొడి కొత్త ఇంజన్ మొదటి ఆయిల్‌లో ఉంటుంది. వేలికి తగిలే ముక్కలు ఏ ఇంజన్‌లోనూ ఉండకూడదు.

ల్యాబ్‌కు పంపాలంటే, ఇంజన్ వేడిగా ఉండగా డ్రెయిన్ చేస్తూ ధార మధ్యలో పట్టిన ఆయిల్ పంపండి. మొదటి ధారలో అడుగు మురికి వస్తుంది. చీటీమీద ఆయిల్ పేరు, దానిమీద నడిచిన గంటలు తప్పకుండా రాయండి.

రిపోర్టులో మనకు ముఖ్యమైనది సోడియం, అది ఉప్పులో ఉండేదే. కార్లలో కూలెంట్ వల్ల కూడా సోడియం రావచ్చు, నేరుగా సముద్రపు నీటితో చల్లబడే అవుట్‌బోర్డులో కూలెంటే ఉండదు. కాబట్టి సోడియం పెరిగితే సముద్రం లోపలికి వస్తోందనే ముందు అనుకోవాలి. కొన్ని ఆయిళ్లలో సోడియం ముందే కలిపి ఉంటుంది, అందుకే ఒక్కసారి వాడని ఆయిల్ కూడా పరీక్ష చేయించుకోండి. చిక్కదనం తగ్గి, పెట్రోలు శాతం పెరిగితే 4వ భాగం. ఇనుము, అల్యూమినియం, రాగి అంకెలను గంటలతో కలిపి చదవాలి, 30 గంటల ఆయిల్‌ను 100 గంటల ఆయిల్‌తో పోల్చకూడదు.

## 9. కింది గేరు ఆయిల్

ఇది ఫోర్ స్ట్రోక్, టూ స్ట్రోక్ రెండింటికీ. నడిచేంతసేపూ గేరుబాక్సు నీళ్లలోనే ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టుకు గాలపు తాడు చుట్టుకుంటే సీలు కోసుకుపోయి నీరు లోపలికి వస్తుంది.

- కింది బోల్టు వదులు చేసి మొదటి చుక్కలు చూడండి. నీరో, పాలరంగో వస్తే సీళ్లు మార్చాలి
- బోల్టు అయస్కాంతం మీద మెత్తటి ముద్ద ఫరవాలేదు, గేరు పళ్ల ముక్కలైతే ఆపేయండి
- కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించండి, పై రంధ్రంలో బుడగలు లేకుండా వచ్చేదాకా
- రెండు వాషర్లూ కొత్తవి
- ప్రొపెల్లర్ అప్పుడప్పుడూ విప్పి తాడు ముక్కలు తీసేయండి

## 10. ఎప్పుడెప్పుడు

- ప్రతి ప్రయాణానికి ముందు: లెవెల్, రంగు, వాసన
- ప్రతి ప్రయాణం తర్వాత: మంచినీళ్లతో ఫ్లష్. దీనివల్ల ఆయిల్ శుభ్రపడదు, కానీ థర్మోస్టాట్, నీటి దారులు బతుకుతాయి, ఆయిల్ చెడే దారులే అవి
- కొత్త మోటారుకు: సాధారణంగా మొదటి 20 గంటలకు ఆయిల్ మార్పు
- తర్వాత: సాధారణంగా 100 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అది. నెమ్మదిగా ఎక్కువ నడిపేవాళ్లు అంతకంటే ముందే మార్చడం మంచిది
- ఆయిల్ మార్చిన ప్రతిసారీ: ఫిల్టర్ కోత
- ఏడాదికోసారి: గేరు ఆయిల్, థర్మోస్టాట్, వీలైతే ల్యాబ్

## 11. తరచూ జరిగే పొరపాట్లు

లేపి ఉన్న మోటారును దింపగానే చూసి, తక్కువుందని పోసేయడం అన్నిటికంటే ఎక్కువగా కనబడుతుంది. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి, గాలిగొట్టం దారిలో పైకి ఎక్కి పొగ పెడుతుంది. పోసేముందు ఇంకో పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

చేత్తో మోసే చిన్న మోటార్లను ఏ పక్కకు పడితే ఆ పక్కకు పడుకోబెట్టకండి. ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది. ఏ పక్కనో మాన్యువల్‌లోనో, మోటారు మీదే గుర్తుగానో ఉంటుంది.

చాలా రోజులు మోటారును పక్కన పెడుతున్నప్పుడు "మళ్లీ దించేటప్పుడు మారుద్దాంలే" అంటారు. వాడిన ఆయిల్‌లో తేమ, పెట్రోలు, ఆమ్లాలు ఉంటాయి, నెలల తరబడి అవి లోహాన్ని అంటుకుని కూర్చుంటాయి. పక్కన పెట్టేముందే మార్చి, కొత్త ఆయిల్ అంతటా చేరేలా నీటి సరఫరాతో ఐదు నిమిషాలు నడిపి, అప్పుడు ఆపండి. తీసిన పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. ఇసుకలో గానీ, నీళ్లలో గానీ ఒక్క చుక్క కూడా పోయవద్దు.